ఊరి గింజను ఊరే పంచుకున్నప్పుడు

జహీరాబాద్ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేది ఎర్ర చెలక. కాలువల్లేవు, వానే ఆధారం. ఒకప్పుడు మెదక్ జిల్లాలో, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ కర్ణాటక సరిహద్దు ప్రాంతంలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుములే తరతరాల పంట. తిండీ అదే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పస్తులుండే ఇంటికి ఆ బియ్యం ఎంత ఆసరా అయ్యిందో అప్పటివాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆ పథకాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. కానీ దాని వెనకాలే ఇంకో మార్పు కూడా వచ్చింది. దాని గురించి చాలాకాలం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఆ బియ్యం ఈ నేలలో పండినవి కావు. ఎక్కడో కాలువల కింద పండి, మిల్లుల్లో ఆడి, గోదాముల మీదుగా రేషన్ షాపుకు వచ్చేవి. వరికి మద్దతు ధర ఉంది, కొనే సర్కారు ఉంది. జొన్నకు ఆ రెండూ సరిగా లేవు. బియ్యం అంత చవగ్గా దొరుకుతుంటే జొన్న వేసి, కోసి, నూర్చి, అమ్మబోతే గిట్టుబాటు కాలేదు. భూసంస్కరణల్లో పేదలకు వచ్చిన భూములు అసలే సారం తక్కువవి, అవే ముందుగా బీడు పడ్డాయి. బీడు పడితే కూలి దినాలు తగ్గాయి. జొన్న చొప్ప తగ్గింది కాబట్టి పశువులూ తగ్గాయి. పశువులు తగ్గితే చేనికి ఎరువు లేదు. ఎరువు లేని చెలక మరుసటి ఏడు ఇంకా తక్కువ పండింది. పేరుకు భూమి ఉన్న మనిషి తిండి కోసం నెలనెలా షాపు ముందు నిలబడాల్సి వచ్చింది.

స్థానికంగా పండిన తిండి తినాలి అనే మాట ఈ రోజుల్లో ఎక్కువగా ఆరోగ్యం కోణంలోనే వినిపిస్తోంది. తాజా కూరలు, రసాయనాలు లేని గింజలు, చిన్నప్పటి రుచి. అవన్నీ నిజమే. కానీ జహీరాబాద్ పల్లెల అనుభవం ఇంకా లోతైన విషయం చెబుతుంది. దగ్గర్లో పండింది తిన్నంత మాత్రాన మనుషులు దగ్గర కారు. ఆ తిండిని ఎలా పండించాలి, ఎక్కడ దాచాలి, ఎవరికి ఎంత పంచాలి అన్నది కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు దగ్గరవుతారు. తిండి మీద పెత్తనం ఊరి చేతిలోకి వస్తే, ఆ పెత్తనాన్ని నడపడానికి ఊళ్లో ఒక సంఘం తప్పనిసరి అవుతుంది.

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పని మొదలుపెట్టింది కూడా 1983లోనే. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకు ముందు దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాత. 2023 మార్చిలో కన్నుమూసేదాకా ఆయన ఈ పనిలోనే ఉన్నారు. అయితే ఈ కథలో సంస్థ కంటే పెద్ద పాత్ర ఊరూరా ఏర్పడ్డ మహిళా సంఘాలది. వాటిలో ఎక్కువమంది దళిత మహిళలు. చాలామందికి ఎకరమో రెండెకరాలో చెలక, మిగతాదంతా కూలి బతుకు. నెలనెలా కొంత పొదుపు చేసుకోవడంతో మొదలైన ఈ సంఘాలు క్రమంగా భూమి వైపు, పంట వైపు తిరిగాయి.

1990ల మధ్యలో ముప్పైకి పైగా గ్రామాల్లో ఈ సంఘాలు ఒక పెద్ద పని తలకెత్తుకున్నాయి. రేషన్ వ్యవస్థకు ప్రత్యామ్నాయాన్ని తామే నడపాలన్నది ఆ పని. బీడు పడ్డ భూములున్న పేద రైతులకు దుక్కికి, ఎరువుకు, విత్తనానికి, కలుపుకు విడతలవారీగా అప్పు ఇచ్చారు. తీర్చాల్సింది డబ్బుగా కాదు, జొన్నగా. అదీ ఒక్క ఏడాదిలో కాకుండా కొన్నేళ్లపాటు కొంచెం కొంచెంగా. అలా రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు మళ్లీ సాగులోకి వచ్చింది. ఊళ్లో కొందరు ఆడవాళ్లు కమిటీగా ఏర్పడి, తలా కొన్ని ఎకరాల బాధ్యత తీసుకున్నారు. ఎవరు అదునుకు దున్నారు, ఎవరు పెంట తోలారు, ఎవరు కలుపు తీయకుండా వదిలేశారు అన్నది చూడటం వాళ్ల పని. అప్పు తీసుకుని చేను పట్టించుకోని వాడిని నిలదీసేదీ వాళ్లే. ఊళ్లో ఎన్నడూ నోరెత్తనివ్వని ఆడవాళ్లు పటేళ్ల బంధువుల చేనుకు కూడా వెళ్లి లెక్క అడగగలిగారంటే దాని వెనక ఎంత గుండె ధైర్యం ఉండాలో ఊహించవచ్చు.

తిరిగి వచ్చిన జొన్నను ఊళ్లోనే నిల్వ చేశారు. గింజ పుచ్చకుండా ఉండటానికి ఈ ప్రాంతపు ఆడవాళ్లకు తెలిసిన పద్ధతులు చాలా ఉన్నాయి. వేపాకు, బూడిద కలపడం, బుట్టకు మట్టీ పేడా మెత్తడం, జొన్నను పాతర వేయడం. వానాకాలం మొదట్లో, పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని ఆ కొరత నెలల్లో, ఈ నిల్వ గింజలను పేద ఇళ్లకు బజారు ధర కంటే తక్కువకు ఇచ్చారు.

ఎవరు పేద? ఈ ప్రశ్న దగ్గరే సర్కారు పథకాలు చాలావరకు తప్పటడుగు వేస్తాయి. ఆదాయ ధ్రువపత్రం, తెల్లకార్డు, వాటి కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుడు, మధ్యలో చేతులు తడపడం. సంఘాలు ఇంకో దారి పట్టాయి. ఊరి నడుమ నేల మీద ముగ్గుతో, రంగులతో ఊరి పటం వేశారు. ఒక్కో ఇంటినీ అందులో గుర్తించారు. ఆ ఇంట్లో సంపాదించేవాళ్లు ఎందరు, మగదిక్కు లేని ఇల్లా, రోగంతో మంచాన పడ్డవాళ్లున్నారా, జీతానికి కుదిరినవాళ్లున్నారా, అప్పు ఎంత, భూమి ఉంటే ఎలాంటి భూమి అని అందరి ముందూ మాట్లాడుకున్నారు. బాగా పేదవాళ్లు, పేదవాళ్లు, కాస్త నిలదొక్కుకున్నవాళ్లు అని మెట్లుగా విడదీసి, కింది మెట్టు మీద ఉన్నవాళ్లకు ఎక్కువ గింజలు వచ్చేలా చూశారు. ఇందులో దాచడానికేమీ లేదు. అందరి ముందూ తేల్చిన లెక్క కాబట్టి తప్పు పట్టే అవకాశమూ అందరికీ ఉంది.

ఈ పద్ధతిలో గొడవలు రావని కాదు. వస్తాయి. నా ఇంటిని పై మెట్టులో ఎందుకు పెట్టారని అడిగేవాళ్లుంటారు. గింజ తడిసిందని ఒకరు, కొలత తక్కువైందని ఒకరు అంటారు. అప్పు జొన్న బాకీ పడిన ఇంటితో మాట పడాల్సి వస్తుంది. కానీ ఆ గొడవను తీర్చుకోవాల్సింది ఎదురుబొదురు కూర్చునే. రేషన్ షాపు డీలర్ మీద కోపం వస్తే తిట్టుకుంటూ ఇంటికి పోతాం. మన గింజను దాచిన పక్కింటి అక్క మీద కోపం వస్తే మళ్లీ పొద్దున ఆమె ఎదురుపడుతుంది. ఒకరికొకరు జవాబు చెప్పుకోవాల్సిన ఈ పరిస్థితే సంఘాన్ని బతికించేది. ఐకమత్యం గురించి ఉపన్యాసాలు చెప్పి దీన్ని సాధించలేం.

విత్తనం చేతులు మారడం

గింజల కంటే ముందు విత్తనం సంగతి చెప్పాలి. ఏటా విత్తనాన్ని షాపులో కొనే రైతుకు, ఇంటి విత్తనం దాచుకునే రైతుకు మధ్య తేడా ఖర్చు ఒక్కటే కాదు. ఇంటి విత్తనం ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది, పాడవుతుంది, ఎండకు మాడిపోతుంది. అప్పుడు ఇంకొకరి దగ్గర అడగాలి. జహీరాబాద్ పల్లెల సంఘాలు ఊరికో విత్తన బ్యాంకు పెట్టుకున్నాయి. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి ఇస్తారు. వడ్డీగా వచ్చిన ఆ విత్తనం ఇంకొకరికి పోతుంది. పచ్చజొన్న ఒకరి ఇంట్లో నిలిచింది, సామ ఇంకొకరి ఇంట్లో, అవిసె మరొకరి ఇంట్లో. ఎవరూ ఒంటరిగా అన్ని రకాలూ దాచలేరు. కాబట్టి ఎవరి దగ్గర ఏది ఉందో అందరికీ తెలిసి ఉండాలి. ఒక ముసలామెకు ఊళ్లో గౌరవం దక్కడానికి ఆమె దగ్గరున్న విత్తనాల బుట్టలే కారణమైన సందర్భాలు ఈ పల్లెల్లో కొల్లలు.

ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పాతపంటల జాతర దీనికి బహిరంగ రూపం. అలంకరించిన ఎడ్లబండ్ల మీద రకరకాల విత్తనాలు పెట్టుకుని, డప్పులతో, పాటలతో నెల రోజుల పాటు ఊరి నుంచి ఊరికి తిరుగుతారు. బండి ఆగిన ఊళ్లో విత్తనాల గురించి, వానల గురించి, ధరల గురించి మాట్లాడుకుంటారు. వచ్చినవాళ్లకు ఆ ఊరే అన్నం పెడుతుంది. 2008లో ఝరాసంగం మండలం మాచనూర్‌లో మొదలైన సంఘం రేడియోను నడిపేదీ ఈ ఆడవాళ్లే. విత్తనాల కబుర్లు, వంటలు, ఆకుకూరల మందులు, పాటలు అందులో వాళ్ల యాసలోనే వస్తాయి. ఈ సంఘాల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది.

ఈ చెలకల్లో ఒకే పంట వేయరు. జొన్న సాళ్ల మధ్య కంది, కంది పక్కన పెసర, అనుము, బొబ్బెర, గట్ల మీద పుంటికూర, అక్కడక్కడా నువ్వులు. వాన ముందే ఆగిపోతే ఒకటి పోతుంది, ఇంకొకటి నిలుస్తుంది. పెసర ముందు చేతికి వస్తుంది, కంది చివరిదాకా ఆగుతుంది. ఇంటికి తిండి కూడా అదే వరసలో వస్తుంది. వీటితో పాటు ఎవరూ విత్తకుండానే చేనులో మొలిచే కూరలున్నాయి. తుమ్మికూర, గునుగుకూర, చెంచలికూర లాంటివి. కలుపు మందు కొడితే ముందు చచ్చేది ఇవే. సర్కారు లెక్కల్లో ఇవి పంట కాదు, తిండి కూడా కాదు. కానీ కొరత నెలల్లో జొన్నరొట్టె పక్కన కూర అయ్యేది ఇవే. పైగా ఇంకొకరి చేనులోకి వెళ్లి వీటిని కోసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. భూమి లేని ఇంటికి ఈ రివాజు ఎంత విలువైనదో లెక్కగట్టడం కష్టం. పొలమంతా పత్తో చెరకో అయిన ఊళ్లో ఆ కూరా ఉండదు, ఆ రివాజూ మిగలదు.

పాత ఊరు ఇంత మంచిదా?

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. స్థానిక తిండి గురించి రాసేవాళ్లు చాలామంది పాతకాలపు పల్లెను స్వర్గంలా చూపిస్తారు. ఊళ్లో పండింది ఊళ్లోనే తినడం పాతకాలంలో ఎటూ ఉంది. కానీ అప్పుడు గింజ ఎవరి గుమ్మిలో ఉండేది? పండించిన జీతగాడి ఇంట్లో కాదు. కొరత నెలల్లో దొర ఇంటికి పోయి నాగు, అంటే గింజల అప్పు, తెచ్చుకుని, పంటకాలంలో ఒకటిన్నర రెట్లు కొలిచి, కొలవలేకపోతే వెట్టి చేసిన చరిత్ర తెలంగాణ పల్లెలది. కళ్లం దగ్గర కులాన్ని బట్టే వాటా. కొందరికి దోసిట్లో పోసేవారు కూడా కాదు, దూరం నుంచి కొంగులోకి వంచేవారు. స్థానికం అనే ఒక్క మాట ఆ ఊరికీ వర్తిస్తుంది, ఈ సంఘాలకీ వర్తిస్తుంది. రెండింటి మధ్య తేడా అంతా గింజ తాళం చెవి ఎవరి చేతిలో ఉందన్నదే. దళిత మహిళలు ధాన్యానికి యజమానులై, ఊరి పేదలకు గింజలు పంచే స్థానంలోకి రావడం కొత్త విషయం. పాతదానికి తిరిగి వెళ్లడంగా దాన్ని చూస్తే ఆ ఆడవాళ్ల పోరాటాన్ని చిన్నబుచ్చినట్టే.

రెండో సంగతి, కరువు. ఊరి గింజ మీదే పూర్తిగా ఆధారపడితే వరసగా రెండేళ్లు వాన పడకపోతే ఏమవుతుంది? అప్పుడు దూరం నుంచి వచ్చే బియ్యమే ప్రాణం నిలుపుతుంది. అందుకే రేషన్ ఉండాలి, దానితో పాటు ఊరి నిల్వా ఉండాలి.

దూరం నుంచి వచ్చే తిండి వల్ల వాతావరణం పాడవుతుందన్న వాదనను మాత్రం కాస్త జాగ్రత్తగా వాడాలి. అమెరికాలో తిండి మూలంగా వెలువడే వాయువుల మీద 2008లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, అందులో రవాణా వాటా పదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమేనని, మిగతాదంతా ఎక్కువగా పండించే దశలోనే ఉందని తేల్చింది. పక్క ఊళ్లోనే పండినా, బోరు మీద బోరు వేసి యూరియా కుమ్మరించి పండించింది నేలకు మేలు చేయదు. ఎంత దూరం నుంచి వచ్చిందని అడిగే ముందు ఎలా పండిందని అడగాలి.

రైతుబజారు ఇచ్చింది, ఇవ్వలేనిది

పట్నం మనిషికి పండించిన మనిషి ఎదురుపడే చోటు రైతుబజారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ ఏర్పాటు దళారిని పక్కన పెట్టింది. టోకు ధర కంటే ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా రోజూ ఒక ధర బోర్డు మీద రాస్తారు. రైతుకు గుర్తింపు కార్డు, కూర్చోవడానికి అరుగు, తెచ్చుకోవడానికి బస్సు సౌకర్యం. ఇది నిజంగా మంచి పని, వేల కుటుంబాలు దీనివల్ల నిలబడ్డాయి. కానీ ధర దగ్గరే ఈ సంబంధం ఆగిపోతుంది. ఈ వారం టమాటా అమ్మినామె వచ్చే వారం ఏ అరుగు మీద ఉంటుందో కొనేవాళ్లకు తెలియదు. టమాటా ధర పడిపోయి పారబోస్తుంటే కొనేవాళ్లకు అది చవక బేరమే. ఆ నష్టంలో వాళ్లకు భాగం లేదు. కొన్నిచోట్ల రైతు పేరుతో వ్యాపారులే కూర్చోవడం కూడా తెలిసిందే.

నష్టంలోనూ భాగం పంచుకునే ఏర్పాటు జపాన్‌లో 1970ల నుంచి ఉంది. దాన్ని తెయికెయ్ అంటారు. కొన్ని కుటుంబాలు ఒక రైతుతో ముందే ఒప్పందం చేసుకుంటాయి. ఆ చేను ఏది ఇస్తే అది తీసుకుంటాయి. వంకాయ ఎక్కువ కాస్తే వారమంతా వంకాయే. అమెరికాలో 1986 ప్రాంతంలో మొదలైన సభ్యత్వ పొలాలది కూడా ఇదే దారి, అక్కడ డబ్బు ముందే కడతారు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఇలాంటి చిన్న ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. వాటికి అసలు పరీక్ష మన వంటింట్లోనే ఎదురవుతుంది. మూడు వారాలు వరసగా సొరకాయే వచ్చినప్పుడు ఆ ఇల్లు సభ్యత్వం ఉంచుకుంటుందా, మానేస్తుందా అన్నదాని మీదే ఆ రైతు మరుసటి పంట ఆధారపడుతుంది.

అనంతపురం వైపు, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చిన చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990లో మొదలైంది. కొన్న ముప్పై రెండెకరాల బీడును మళ్లీ పచ్చగా చేయడంతో మొదలైన ఆ పని కొర్ర, రాగి, వేరుశనగ రైతుల సహకార సంఘం దాకా వచ్చింది. 2008లో ఏర్పడ్డ ధరణి అనే ఆ సంఘానికి రైతులే వాటాదారులు. గింజను శుభ్రం చేయడం, పిండి పట్టించడం, పొట్లం కట్టడం, అమ్మడం అన్నీ అందులోనే. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఇలాంటివాటికి బాగా పనికొచ్చింది. పాత సహకార చట్టం కింద అధికారుల జోక్యానికి చాలా చోటుండేది. కొత్త చట్టంతో సంఘం నడక సభ్యుల చేతికే వచ్చింది.

రసాయనాలు వాడలేదని ఎవరు హామీ ఇవ్వాలన్న ప్రశ్నకూ ఇలాంటి జవాబే ఉంది. బయటి కంపెనీ వచ్చి తనిఖీ చేసి ఇచ్చే పత్రం చిన్న రైతు భరించలేనంత ఖరీదు. పీజీఎస్ (భాగస్వామ్య హామీ) అనే పద్ధతిలో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు చూసుకుని హామీ ఇస్తారు. ఒకరు తప్పు చేస్తే గుంపు మొత్తానికి పేరు పోతుంది. ఇక్కడ కూడా పని చేసేది ముఖం తెలిసినవాళ్ల ముందు తల దించుకోకూడదన్న పట్టుదలే.

చిరుధాన్యాలకు ఇప్పుడు మంచి కాలం వచ్చిందంటున్నారు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాం. సూపర్ మార్కెట్లో కొర్ర పొట్లాలు, హోటళ్లలో జొన్న దోశ, రాగి ఇడ్లీ. పండించే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తే సంతోషమే. కానీ పట్నంలో కొర్ర బియ్యం ధర సన్నబియ్యాన్ని దాటిపోయినప్పుడు ఊళ్లో ఏం జరుగుతుందో చూడాలి. పండించిన ఇల్లు కొర్రను అమ్మేసి, రేషన్ బియ్యం తింటుంది. పట్నపు పొట్లం మీద స్థానికం అని రాసి ఉంటుంది, పండించినవాళ్ల పళ్లెంలో మాత్రం దూరం నుంచి వచ్చిన బియ్యమే. సంఘాల ఆడవాళ్లు ముందు ఇంటికి, తరవాత విత్తనానికి, మిగిలింది అమ్మకానికి అన్న వరస పాటించడం వెనక ఉన్న తెలివి ఇదే. పట్నంలో కొనే మనిషి కూడా ఆ వరసను గౌరవించాలి. ఇంటికీ విత్తనానికీ తీశాక మిగులు లేని ఏడాది ఆ పొట్లం దొరకకపోతే ఫిర్యాదు చేయకుండా ఉండాలి.

ఒక్కో సంస్థ ఒక్కో ప్రాంతంలో చేసింది రాష్ట్రమంతా చేయాలంటే సర్కారు చేయి కలవాల్సిందే. చట్టం దీనికి అడ్డు కాదు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఉన్నాయి, చట్టం వచ్చినప్పుడు వాటికి పెట్టిన ధర కిలో రూపాయి. కర్ణాటకలో దక్షిణ జిల్లాల్లో రాగి, ఉత్తర జిల్లాల్లో జొన్న రేషన్‌లో ఇచ్చారు. ఒడిశా 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల మిషన్ కింద గిరిజన రైతుల దగ్గర రాగులు కొని, అక్కడి రేషన్ కార్డులకే పంచింది. కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టింది.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి కావాల్సిన మనుషులు ఇప్పటికే ఊళ్లలో ఉన్నారు. ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) కొనుగోలు కేంద్రాల్లో వడ్లు తూకం వేసి, తేమ శాతం చూసి, లారీకెక్కించి, రైతు ఖాతాలో డబ్బు పడేదాకా వెంటబడుతున్నది మహిళా సంఘాల సభ్యులే. వడ్లు కొనగలిగినవాళ్లు జొన్నలు కొనలేరా? కొన్న జొన్నను జిల్లా దాటించకుండా, మండలంలోనే ఒక గదిలో నిల్వ ఉంచి, ఆ మండలం అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు, అడిగిన రేషన్ కార్డులకు ఇవ్వొచ్చు. ముందుగా కావాల్సింది జొన్నకు ఏటా తప్పకుండా కొంటామన్న మాట. అది అడపాదడపా కాకుండా విత్తనం వేసే నాటికే రైతుకు తెలియాలి. ఆ తరవాత కావాల్సింది ఆ గది తాళం చెవి ఊరి సంఘం దగ్గర ఉంచే నమ్మకం. మొదటిది బడ్జెట్ వ్యవహారం, సర్కారు తలచుకుంటే ఒక్క సీజన్‌లో అయ్యేదే. రెండోదానికి ఎక్కువ కాలం పడుతుంది. జహీరాబాద్ పల్లెల్లో సంఘాలు మొదలయ్యాక ఊరి గింజ వాళ్ల చేతికి రావడానికే పదేళ్లు పట్టింది.